ఓరుగల్లు పడ్డ మాటలు, అన్న మాటలు

రుద్రమదేవి ఓరుగల్లును ఏలింది 1262 నుంచి 1289 దాకా. ఆ కాలపు శాసనాలు చాలావాటిలో ఆమె పేరు 'రుద్రదేవ మహారాజు'. మగసంతానం లేని గణపతిదేవుడు కూతురికి మగపేరు పెట్టి, కొడుకుగానే ప్రకటించి రాజ్యం అప్పగించాడని విద్యానాథుడి ప్రతాపరుద్రీయం చెబుతుంది. మోటుపల్లి రేవు గురించి రాసిన వెనిస్ యాత్రికుడు మార్కోపోలో ఆమె న్యాయబుద్ధిని ఎంతో మెచ్చుకున్నాడు. కానీ ఆమెను చనిపోయిన రాజుగారి భార్య అనుకున్నాడు. ఇంటివాళ్లు ఆమెను కొడుకును చేశారు, పరదేశి రాజు భార్యను చేశాడు. కూతురు కూతురుగానే రాజ్యమేలిందని చెప్పడానికి ఇద్దరి దగ్గరా మాట లేదు. శిల్పి మాత్రం వెనకాడలేదు. వరంగల్ కోటలో దొరికిన ఒక శిల్పంలో సింహం మీద కూర్చుని ఆయుధం పట్టిన స్త్రీ రుద్రమేనని చరిత్రకారులు అంటారు.

ఏడు వందల ఏళ్ల తర్వాత కూడా వరంగల్ ఇళ్లలో ధైర్యమున్న ఆడపిల్లను 'మగరాయుడు' అంటున్నారు. సంపాదించి పెట్టే కూతురిని 'బిడ్డ కాదు, కొడుకే' అని మురిసిపోతున్నారు. ఈ మెప్పు వెనక ఒక కొలబద్ద ఉంది. గొప్పతనం మగవాడి సొత్తు, అది ఆడదానికి అబ్బితే ఆమెను మగవాళ్లలో కలిపేసుకోవాలి. అదే కొలబద్దను తిరగేస్తే తిట్టు వస్తుంది. పిరికివాడు 'ఆడంగి' అవుతాడు, వెనక్కి తగ్గినవాణ్ణి 'గాజులు తొడుక్కో' అంటారు.

దీనికి వ్యాకరణమే మూలమని కొందరి వాదన. 1858లో వచ్చిన బాలవ్యాకరణంలో చిన్నయసూరి పురుషవాచకాలను మహత్తులన్నాడు. స్త్రీలను, పశుపక్ష్యాదులను, జడపదార్థాలను ఆ వర్గం బయట ఉంచాడు. ఆమె వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది. క్రియ మూడుచోట్లా ఒకటే. అయితే ఈ పొందిక చిన్నయసూరి సృష్టి కాదు. మూలద్రావిడంలోనే ఇలా ఉండేదనీ, తెలుగు, గోండి, కొలామి దాన్ని నిలుపుకొన్నాయనీ, తమిళ కన్నడాలు తర్వాత స్త్రీలకు వేరే రూపం తెచ్చుకున్నాయనీ భద్రిరాజు కృష్ణమూర్తి వివరించారు. బహువచనంలో ఆడామగా ఒకటే, 'వాళ్లు వచ్చారు'. కాబట్టి ప్రత్యయం మీద నేరం మోపడం నాకు సబబనిపించదు. తప్పు వాడుకలో ఉంది. మంత్రిగారి విషయంలో 'ఆమె అన్నారు' అని రాసే పత్రిక, మిర్చి యార్డులో పనిచేసే కూలీ దగ్గరికి వచ్చేసరికి 'ఆమె అంది' అని రాస్తుంది. తెలుగులో మర్యాదకు రూపం లేక కాదు, ఎవరికి ఇవ్వాలో ముందే తేల్చుకున్నందువల్ల ఇలా జరుగుతోంది.

సామెతలు ఈ పనిని ఇంకా సూటిగా చేశాయి. కెప్టెన్ కార్ 1868లో అచ్చువేసిన 'ఆంధ్ర లోకోక్తి చంద్రిక'తో తెలుగు సామెతలు పుస్తకానికెక్కాయి. నవ్వే ఆడదాన్నీ ఏడ్చే మగవాణ్నీ నమ్మరాదన్న మాట ఈనాటికీ రచ్చబండల మీద వినిపిస్తుంది. ఇలాంటి నిందలకు చరిత్రతో జవాబు చెప్పిన తొలి తెలుగు స్త్రీ భండారు అచ్చమాంబ. స్త్రీలు బలహీనులు, తెలివితక్కువవారు అన్న మాట అబద్ధమని నిరూపించడానికే ఆమె 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసింది. ఆ నిందనే శీర్షికలో పెట్టుకుని, దాన్ని కాదనే జీవితాలను పుస్తకం నిండా పేర్చింది.

ఇక ప్రాంతం, దేశం పేరుతో పడే ముద్రల సంగతి. 1323లో ఢిల్లీ నుంచి దండెత్తిన ఉలుగ్ ఖాన్ చేతుల్లో ఓరుగల్లు పడిపోయింది. ఆ తరం తామ్రశాసనాల్లో 'తురుష్కులు' అంటే దండెత్తి వచ్చిన సైన్యం. కాలం గడిచేకొద్దీ ఆ జాతిపేరు 'తురక'గా మారి, ఇక్కడే పుట్టి ఇక్కడే పొలం దున్నుకునే ముస్లింలకు అంటుకుంది. ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకులవాళ్లనూ వదల్లేదు. ఉర్దూ 'తురకం' అయింది. ఆఖరికి తెలంగాణ తెలుగే 'తౌరక్యాంధ్రం' అయింది. కోస్తా పండితులు వేసిన ఈ ముద్రలో రెండు అవమానాలున్నాయి. ఒకటి తెలంగాణవాళ్లకు, రెండోది ముస్లింలకు. మొదటిదాని మీద మనం ఎంతో రాశాం. రెండోదాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ.

నిజానికి 'తౌరక్యాంధ్రం' అన్న నింద నిలబడదు. దవాఖాన, పరేషాన్, జర అన్నందుకు వెక్కిరించినవాళ్లు కూడా జిల్లా, తాలూకా, వకీలు, దస్తావేజు, రాజీనామా, ఖర్చు అనే మాట్లాడారు. అవన్నీ పారసీ, అరబ్బీల నుంచి వచ్చినవే. సొంతగడ్డ మీదా ఈ తెలుగుకు మర్యాద దక్కలేదు. 1921లో హైదరాబాద్‌లో జరిగిన సంఘసంస్కార సభలో అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గోలచేసి కూర్చోబెట్టారు. ఆ అవమానంలోంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. నైజాంలో కవులే లేరన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చి జవాబిచ్చారు.

1952కు వచ్చేసరికి మాట పడ్డవాళ్లే మాట అన్నారు. సర్కారు ఉద్యోగాలకు ముల్కీలే, అంటే స్థానికులే, అర్హులని 1919లోనే నిజాం ఫర్మానా ఉంది. 1948 తర్వాత ఆ కొలువుల్లోకి బయటివాళ్లు దొంగ పత్రాలతో వచ్చి చేరుతున్నారని వరంగల్ విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. వాళ్ల కోరిక న్యాయమైనది. హైదరాబాద్‌కు పాకిన ఆ ఉద్యమంపై సెప్టెంబరు 3, 4 తేదీల్లో కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. అయితే 'నాన్ ముల్కీ గో బ్యాక్' పక్కనే 'ఇడ్లీ సాంబార్ గో బ్యాక్' అన్న నినాదం కూడా మోగింది. కొలువుల లెక్క అడగాల్సింది సర్కారును. ఆ నినాదం పోయి పొరుగింటివాడి కంచంలో పడింది. తర్వాతి దశాబ్దాల్లో ఇటువైపు 'ఆంధ్రోడు' అంటే మోసగాడు, అటువైపు 'తెలంగాణోడు' అంటే పని చేతగానివాడు అన్నంతగా ముద్రలు గట్టిపడ్డాయి.

వరంగల్ మాటకు గౌరవం అడిగిన కవి కాళోజీ పుట్టుకే ఈ ముద్రలకు గట్టి సమాధానం. 1914 సెప్టెంబరు 9న నేటి కర్ణాటకలోని రట్టిహళ్లిలో పుట్టారు. తండ్రి మరాఠీ, తల్లి కన్నడ. మడికొండలో, హనుమకొండలో పెరిగి జనం నోటి తెలుగులో రాశారు. బడిలో నేర్పే భాష ఒకటే మర్యాదైనదంటే ఒప్పుకోలేదు. తెలంగాణ వచ్చాక ఆయన పుట్టినరోజే భాషా దినోత్సవమైంది. సినిమా ఇంకా నెమ్మదిగా కదిలింది. 1980లో 'మా భూమి' వచ్చినా, ఆ తర్వాత చాలాకాలం తెలంగాణ యాస రౌడీకో, నౌకరుకో, నవ్వించే పాత్రకో దక్కింది. 'ఫిదా' కథానాయిక 2017లో ఆ యాసతోనే అందరి మెప్పూ పొందింది. 2023లో 'బలగం' మొత్తం ఆ భాషలోనే నడిచింది.

ఈ గెలుపు అందరికీ అందలేదు. మేడారం జాతర పూజారులు కోయలు. తెరమీద 'కోయదొర' మాత్రం ఈకలు పెట్టుకుని సోది చెప్పే విదూషకుడు. తండాల ఆడవాళ్ల కట్టుబొట్లు ఇప్పటికీ 'లంబాడిదానిలా' అన్న తిట్టుకు పనికొస్తున్నాయి. హైదరాబాద్‌లో ఆఫ్రికా మనిషి మత్తుమందుల కేసులో దొరికితే శీర్షికలో ముందుగా కనిపించేది దేశం పేరే.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది తెలంగాణ ఉద్యమకాలపు ఒక అలవాటు. రాజీనామా చేయని నాయకులకు చీర, గాజులు పంపారు. తమ భాషను చిన్నచూపు చూశారని లేచిన జనం, తమ పక్కనే ధర్నాలో కూర్చున్న ఆడవాళ్ల గాజులను అవమానానికి గుర్తుగా వాడారు. పాలకుర్తిలో విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి పంట నిలబెట్టుకున్న ఐలమ్మ పుట్టిన ప్రాంతమిది. గాజుల చేతులకు పోరాటం రాదని ఇక్కడ అనడం అన్యాయం.

అందుకే వరంగల్ పాత్రికేయులకు, ఉద్యమ సంఘాలకు రెండు విన్నపాలు. మంత్రికి రాసే 'అన్నారు'ను కూలీ అమ్మకూ, పోలీసు కేసులో పేరొచ్చిన పరదేశికీ రాయండి. రేపు ఏ నాయకుడి మీద కోపమొచ్చినా, ఆయన ఇంటికి గాజులు పంపకండి.