మరల మగ్గమెక్కు బంగారు పోగు

కృష్ణా తుంగభద్రల నడుమనున్న మన సీమకు నడిగడ్డ యని పేరు. ఇందు శిల్పమునకు అలంపురము, నేతకు గద్వాల ప్రసిద్ధి కెక్కినవి. బాదామి చాళుక్యుల కాలమున, క్రీ.శ. 7, 8 శతాబ్దులలో వెలసిన నవబ్రహ్మాలయములను దర్శింప వచ్చినవారు అచటి గంధర్వ ప్రతిమలను మెచ్చుకొని పోవుదురు. ఆ శిల్పము ఆనాడే పూర్తియైనది. మరల చేయవలసిన పని లేదు. గద్వాలలో మాత్రము ఏటేట ఆగి, ఏటేట మరల మొదలగు పని యొకటి కలదు. అదియే తిరుమల శ్రీవేంకటేశ్వరునకు సమర్పించు ఏరువాడ జోడు పంచెల నేత.

రెండు ఏరుల నడుమ నేయబడుటచే వీనికా పేరు వచ్చినదని పెద్దలు చెప్పుదురు. ఒక్కొక్క పంచె 11 గజముల పొడవు, 85 అంగుళముల వెడల్పు గలది. అంచు 15 అంగుళములు. అందు 8 కోటకొమ్ములు తీర్తురు. కోటకొమ్మనగా కోటగోడపై వరుసగా నిలుచు శిఖరాకృతి. సోమనాద్రి కోటను కట్టించిన ఊరిలో ఆ రూపమే వస్త్రమునకు ఎక్కుట సహజమే గదా! నేతగాండ్రు 41 దినములు దీక్షవహించి, శుచిగా నుండి ఈ పనిని నెరవేర్తురు. బ్రహ్మోత్సవముల మొదటినాడు ఈ పంచెలను మూలవిరాట్టునకు అలంకరింతురు.

బంగారు పనియనగానే మనకు జలతారు కుట్టుపని స్ఫురించును. అందు బంగారు తీగను గుడ్డ మీద పరచి, సన్నని పట్టుదారముతో అక్కడక్కడ బిగించి కుట్టుదురు. గుడ్డ ముందు, బంగారము తరువాత. గద్వాల పనిలో ఆ వరుస లేదు. సరిగ పోగు గుడ్డతోపాటే పుట్టును. మేలైన సరిగ యనగా సన్నని వెండి తీగను అదిమి, పట్టుదారమునకు చుట్టి, బంగారు పూత పూసినది. గద్వాల చీరలో ఒడలు నూలు, అంచు పట్టు. ఒడలికొక నాడె, అంచులకు రెండు నాడెలు. ప్రతి పేకకును నూలు పోగును పట్టు పోగును ఒకదానితో నొకటి మెలివేసి కలుపుదురు. గద్వాల చీర అగ్గిపెట్టెలో ఇముడునని జనులు గొప్పగా చెప్పుకొందురు. నాకు అంతకంటె ఈ అతుకే వింతగా దోచును.

ఏడాదిలో అధిక భాగము చీరలు నేసిన చేయి ఈ వెడల్పు మగ్గమునకు మరలుట సులభము కాదు. రెండు గజములకు మించిన వెడల్పున ఒక్కని చేయి నాడెను ఈ దరినుండి ఆ దరికి అందింపజాలదు. తోడివాని పోటు తనకును, తన పోటు తోడివానికిని కుదురవలెను. ఒక కొమ్మ వంకరపోయినచో, నేసిన పేకల నొక్కొక్కటిగా విప్పుకొనుచు వెనుకకు రావలసినదే.

ఈ విరామమును దాటుటకు నేతవారికి ఒక ఉపాయము కలదు. చేతిమగ్గములయందు సాధారణముగా, నేత ముగిసినపుడు పడుగును మొదలంట కోయరు. అచ్చులో దూర్చిన పోగుల కొనలను కొంత నిలుపుదురు. మరల పని మొదలుపెట్టునపుడు క్రొత్త పడుగు పోగు నొక్కొక్కదానిని ఆ పాత కొనకు మెలిపెట్టి అతుకుదురు. వేలకొలది పోగులు, పనివారిలో తరచుగా ఆడువారు, పిల్లలు. అతికిన పిమ్మట పాత పోగులే క్రొత్తవానిని అచ్చులోనికి లాగుకొని పోవును. పోగుల వరుసను వ్రాసి పెట్టుకొనవలసిన యవసరమే లేదు. కాని అన్ని కొనలును తెగినచో, ఆ వరుసను మొదటినుండి పట్టవలెను.

1949లో జాగీరులు రద్దయి సంస్థానముల యేలుబడి ముగిసినది. మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పాలన అంతటితో సరి. కొలువులు, సిబ్బంది, వసూళ్లు అన్నియు పోయినవి. కోటకొమ్ముల పంచెలు మాత్రము నిలిచినవి. సంస్థానాధీశుల వంశీయుల పక్షమున అవి తిరుమలకు చేరుట మానలేదు. రాజ్యము తెగినచోట పోగు తెగలేదు. నేడు మరమగ్గముల మీద తక్కువ వెలకు కోటకొమ్మ అంచులు వచ్చుచున్నవి. అవి చూపునకు దాదాపుగా ఒకటే. వెనుకకు త్రిప్పి అంచు అతుకును తడవి చూచినవారికి భేదము వేలికొనకే తెలియును.