ఐదు నెలలు దాచిన కబురు

మా చుట్టాల్లో రహస్యం నిలవదు. పెళ్లిచూపులు పూర్తయ్యేలోపే కబురు ఊరు దాటేస్తుంది. అలా పెరిగిన నాకు, వెయ్యి మంది శాస్త్రవేత్తలు ఒక కబురుని ఐదు నెలలు కడుపులో దాచుకున్నారంటే ఇప్పటికీ ఆశ్చర్యమే. పుకార్లు ట్విట్టర్‌కి ఎక్కాయి, నిజమే. కానీ వాళ్ళు మాత్రం అవుననీ కాదనీ అనలేదు.

2015 సెప్టెంబరు 14న లూసియానాలోని లివింగ్‌స్టన్‌లో, 7 మిల్లీసెకన్ల తరవాత హాన్‌ఫర్డ్‌లో, లైగో యంత్రాలకి ఒకే సంకేతం అందింది. 4 కిలోమీటర్ల గొట్టం పొడవులో తేడా, ప్రోటాన్ వెడల్పులో వందో వంతు కూడా లేదు! ఐన్‌స్టీన్ 1916లో లెక్కగట్టిన గురుత్వ తరంగం అది. ఎగిరి గంతెయ్యాలి కదా? వాళ్ళకి ముందు వచ్చిన అనుమానం, "ఇది ఎవరైనా కావాలని పెట్టారా?" అని.

ఎందుకంటే 2010లో అలాగే జరిగింది. మంచి సంకేతం దొరికిందని నెలల తరబడి లెక్కలు కట్టి, పేపరు కూడా రాసి పెట్టుకున్నారు. 2011 మార్చిలో కవరు విప్పితే, అది పరీక్ష కోసం రహస్యంగా కలిపిన సంకేతం! మేం సాఫ్ట్‌వేర్ వాళ్ళం టెస్ట్ డేటా అని ముందే చెప్పి ఇచ్చినా సరిగ్గా చూడం.

ఇంత జాగ్రత్త వెనక జోసెఫ్ వెబర్ గారి కథ ఉంది. మేరీలాండ్ యూనివర్సిటీలో పెద్ద అల్యూమినియం దిమ్మలు వేలాడదీసి, తరంగాలు దొరికాయని 1969లో ప్రకటించారు. లోకం చప్పట్లు కొట్టింది. తరవాత ఎంతమంది ప్రయత్నించినా ఎవరికీ ఏమీ దొరకలేదు. ఆయన మాత్రం 2000లో పోయేదాకా తన మాట వదులుకోలేదు.

నేనూ ఒకసారి, సరిగ్గా పరీక్షించకుండా "అంతా పనిచేస్తోంది" అని క్లయింటుకి చెప్పేశాను. మర్నాడు పొద్దున్న పడ్డ సిగ్గు ఇంకా గుర్తుంది. అందుకే వెబర్ గారిని చూసి నవ్వలేను. పొరబడ్డారు, సరే. కానీ అసాధ్యమని అందరూ వదిలేసిన పనికి మొదట చెయ్యి వేసింది ఆయనే.

2016 ఫిబ్రవరి 11న వాషింగ్టన్‌లో ఆ కబురు చెప్పినప్పుడు, ముందు వరుసలో ఆయన భార్య, ఖగోళ శాస్త్రవేత్త వర్జీనియా ట్రింబుల్ కూర్చుని ఉన్నారు. ఆయన దిమ్మలు ఇప్పుడు అదే యూనివర్సిటీ తోటలో ఉన్నాయి. అటు వెళ్తే ఒకసారి చూసి రండి.