కోరింగ మడ అడవి: మోకాళ్ళ నొప్పులవారు కూడా నడవగల దారులు

సంఘం తరఫున విహారయాత్ర అనగానే కొండ మీద గుడి, మెట్లున్న కోట, లేదా జలపాతం ఖరారవుతుంది. తీరా వెళ్ళాక పెద్దవయసు సభ్యుల్లో చాలామంది బస్సు దగ్గరే కూర్చుండిపోతారు. మెట్లు ఎక్కనక్కరలేకుండా అడవి లోపలికి వెళ్ళిరావాలంటే కోరింగ వన్యప్రాణి అభయారణ్యం మంచి చోటు. యానాం వారికి అది పొరుగు అడవి. మద్రాసు, బెంగళూరు, ముంబయి, ఒరిస్సాల నుంచి కాకినాడ వైపు పెళ్ళిళ్ళకో, బంధువుల ఇళ్ళకో వచ్చే మనవాళ్ళు ఒక పూట కలుపుకుంటే చూసిరావచ్చు. అక్కడికి వెళ్ళేవారికి పనికివచ్చే వివరాలు ఒక వరుసలో ఇస్తున్నాము.

ఎక్కడ ఉంది?

గౌతమీ గోదావరి సముద్రంలో కలిసే చోట, కాకినాడకు దక్షిణంగా ఈ అభయారణ్యం ఉంది. 1978లో ప్రకటించారు. విస్తీర్ణం 235.70 చదరపు కిలోమీటర్లు. గౌతమి నుంచి చీలిన కోరింగ, గాడేరు పాయలు దీని గుండా వెళ్ళి కాకినాడ అఖాతంలో కలుస్తాయి. సందర్శకులు వెళ్ళే ద్వారం కాకినాడ - యానాం రహదారి మీద చొల్లంగి దగ్గర ఉంది. అడవి ఆంధ్రప్రదేశ్‌ది, యానాం పుదుచ్చేరిది. పాలన వేరైనా గోదావరి ఒకటే, తుఫాను వస్తే రెండు వైపులా వస్తుంది.

మడ అంటే ఏమిటి?

ఉప్పునీరు, మంచినీరు కలిసే బురద నేలలో పెరిగే చెట్లను తెలుగులో మడ చెట్లు అంటారు. మన పిల్లలు వీటిని వేరే పేర్లతో ఎరుగుదురు. తమిళనాడులో పెరిగినవారు పిచ్చావరం చూసి ఉంటారు, అక్కడ ‘అలైయాత్తి కాడు’ అంటారు. అలలను శాంతింపజేసే అడవి అని దాని అర్థం. ముంబయి, ఠాణే వాళ్ళకు ‘కాందళవన్’ అంటే తెలుస్తుంది. ఒరిస్సాలో ఉన్నవారికి భితర్‌కనికా తెలుసు. అన్నీ ఒకే జాతి అడవులు. ‘మడ అడవి’ అనే మన మాటను పిల్లలకు పుస్తకంలో చూపించి చెప్పడం కన్నా ఆ చెట్ల మధ్య నిలబడి చెబితే మరచిపోరు.

నడక దారులు

1. చిన్న నడక. ద్వారం దాటాక బురద నేలపై ఎత్తుగా కట్టిన చెక్క దారి మొదలవుతుంది. చెట్లు రెండు వైపులా దగ్గరగా ఉండి నీడ ఇస్తాయి. మోకాళ్ళ నొప్పులు ఉన్నవారు, కొత్తగా శస్త్రచికిత్స అయినవారు ఇరవై నిమిషాలు లోపలికి నడిచి, కాసేపు నిలబడి వెనక్కి వచ్చేయవచ్చు. వేళ్ళు, పీతలు, బురద చేపలు అంతలోనే కనిపిస్తాయి. చివరిదాకా వెళ్ళలేదని బాధపడనక్కరలేదు.

2. రేవు వరకు నడక. అదే దారి పడవల రేవుకు చేరుస్తుంది. నిదానంగా, ఆగి చూసుకుంటూ పోయి రావడానికి గంట నుంచి గంటన్నర కేటాయించుకోవాలి. పడవలు నీటిమట్టాన్ని బట్టి నడుస్తాయి కాబట్టి పడవ తప్పక దొరుకుతుందని సభ్యులకు ముందే మాట ఇవ్వవద్దు.

3. యానాంలో సాయంత్రపు నడక. ఇది అభయారణ్యం బయటిది. గౌతమి ఒడ్డున రాజీవ్ గాంధీ బీచ్ వెంబడి చదునైన దారి ఉంది. ఉదయం అడవి చూసినవారు సాయంత్రం ఇక్కడ నడిస్తే, ఆ అడవిని పెంచిన నదిని కూడా చూసినట్లవుతుంది.

పోటు, పాటు లెక్క

ఈ అడవి పొద్దుకో రకంగా ఉంటుంది. నీరు ఎక్కడాన్ని జాలరులు పోటు అంటారు, దిగడాన్ని పాటు అంటారు. పోటు మీద చెక్క దారి కింద నీరు కదులుతుంది, పడవలకు అనుకూలం. పాటు మీద బురద బయటపడుతుంది, జీవాలను చూడడానికి అదే మంచి సమయం.

రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు వస్తాయి. నిండు పోటు నుంచి పూర్తి పాటుకు సుమారు ఆరు గంటలు. ప్రతి రోజూ ఆ సమయం సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. ఈ రోజు ఉదయం 7 గంటలకు నీరు నిండితే, నాలుగు రోజుల తరువాత 10.20 ప్రాంతంలో నిండుతుంది. రేవులో పడవవారినో, యానాంలో తెలిసిన జాలరినో ఒక రోజు సమయం అడిగి తెలుసుకుంటే మిగతా రోజులు మనమే లెక్క వేసుకోవచ్చు. అమావాస్య, పౌర్ణమి ప్రాంతంలో నీరు బాగా ఎక్కి బాగా దిగుతుంది. అష్టమి ప్రాంతంలో తేడా తక్కువ. కనుక తేదీ నిర్ణయించే ముందు పంచాంగం ఒకసారి చూడండి.

ఏం చూడాలి?

మడ చెట్టు చుట్టూ బురదలోంచి మేకుల్లా పైకి లేచినవి ఊపిరి వేళ్ళు. బురదలో గాలి ఆడదు కాబట్టి వేళ్ళు పైకి వచ్చి గాలి పీల్చుకుంటాయి. ఉప్పు పొన్న చెట్టుకు కొమ్ముల వంటి వేళ్ళు కాండం నుంచి వంగి నేలలో దిగి, ఊతకర్రల్లా నిలబెడతాయి. దాని గింజ చెట్టు మీదే మొలకెత్తి, పొడుగ్గా వేలాడి, తరువాత బురదలో పడుతుంది. మడ ఆకు మీద తెల్లటి పొడిలా కనిపించేది చెట్టు బయటకు నెట్టిన ఉప్పు.

తిల్ల చెట్టును మాత్రం తాకవద్దు. ఆకు తుంచితే పాలు కారతాయి. అవి కంట్లో పడితే ప్రమాదం. పిల్లలకు ఈ మాట ద్వారం దగ్గరే చెప్పాలి.

బురద మీద ఒక డెక్క మాత్రమే పెద్దదిగా ఉండి దాన్ని ఊపే చిన్న పీతలు మగవి. రెక్కల సాయంతో బురదపై గెంతే చేపలను కప్పలనుకుని పొరబడతారు. లకుముకి పిట్టలు, కొంగలు, గద్దలు సులభంగా కనిపిస్తాయి. ఈ అడవికి పేరు తెచ్చిన బావురు పిల్లి నీటిలో దిగి చేపలు పట్టే జంతువు. అది రాత్రి తిరుగుతుంది కాబట్టి పగటి నడకలో కనిపిస్తుందని ఆశ పెట్టుకోవద్దు. నీటికుక్కలు అదృష్టం ఉంటే ఉదయం పూట కనిపిస్తాయి.

పేరు వెనుక కథ

కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన పెద్ద రేవు. ఇక్కడి నుంచి బర్మా వెళ్ళిన తెలుగువారిని అక్కడ ‘కోరంగీలు’ అనేవారు. ఎక్కడి రేవు నుంచి వచ్చారో అదే వారికి జాతి పేరయింది. సొంత రాష్ట్రం బయట బతుకుతున్న మనకు ఈ మాట తెలిసి ఉండాలి. 1839 నవంబరు తుఫాను ఉప్పెన ఆ రేవును దెబ్బ కొట్టింది. తరువాత వ్యాపారం కాకినాడకు మళ్ళింది.

ఈ దారిలో నడక కూడా కొత్తది కాదు. సప్తసాగర యాత్ర పుష్య బహుళ అమావాస్య నాడు చొల్లంగిలో స్నానంతో మొదలై, గోదావరి పాయల సంగమాలన్నీ తిరిగి, భీష్మ ఏకాదశికి అంతర్వేదిలో ముగుస్తుంది. చొల్లంగి అమావాస్య నాడు రద్దీ చాలా ఎక్కువ. అడవి నడకకు ఆ రోజు పెట్టుకోవద్దు.

ఎందుకు కాపాడుకోవాలి?

1996 నవంబరు 6 తుఫానులో యానాం, బలుసుతిప్ప, భైరవపాలెం ప్రాంతాలు ఎంత నష్టపోయాయో అక్కడి కుటుంబాలు మరచిపోలేదు. మడ అడవి తుఫానును ఆపలేదు. కానీ వేళ్ళ అల్లిక, దట్టమైన కాండాలు అల వేగాన్ని తగ్గిస్తాయి, ఒడ్డు కోతను అడ్డుకుంటాయి. రొయ్యపిల్లలు, చేపపిల్లలు పెరిగేది కూడా ఈ వేళ్ళ మధ్యనే. అడవి పోతే జాలరి వలకు, ఇంటికి రెండింటికీ నష్టం. అందుకే మొక్క పీకడం, ప్లాస్టిక్ సంచి నీటిలో వదలడం చిన్న తప్పులుగా చూడకూడదు.

వెళ్ళేవారికి సూచనలు

• నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు అనుకూలం. అక్టోబరు, నవంబరుల్లో తుఫాను హెచ్చరిక ఉంటే ప్రయాణం వాయిదా వేయండి.

• బెంగళూరు నుంచి శేషాద్రి, చెంగల్పట్టు - మద్రాసు వైపు నుంచి సర్కార్ ఎక్స్‌ప్రెస్‌లు కాకినాడ చేరుస్తాయి. ఒరిస్సా వైపు నుంచి వచ్చేవారు సామర్లకోటలో దిగవచ్చు. యానాంకు రైలు లేదు, కాకినాడ నుంచి బస్సులు, ఆటోలు ఉన్నాయి.

• బృందంగా వచ్చే సంఘాలు రెండు రోజుల ముందే అటవీశాఖ సిబ్బందితో మాట్లాడి, ద్వారం తెరిచే వేళలు, చెక్క దారి స్థితి కనుక్కోవాలి. మరమ్మతులు జరుగుతూ ఉండవచ్చు.

• జారని అడుగున్న చెప్పులు వేసుకోవాలి. వాన తరువాత చెక్క జారుతుంది. చేతికర్ర వాడేవారు పలకల సందుల్లో కర్ర దిగకుండా చూసుకోవాలి.

• తాగునీరు, టోపీ, దోమల మందు, రోజూ వేసుకునే మాత్రలు వెంట ఉండాలి. మరుగుదొడ్డి పని నడక మొదలుపెట్టక ముందే ముగించుకోవాలి.

• పదిమందికి ఒక బాధ్యుడిని పెట్టి, లోపలికి వెళ్ళినవారి పేర్లు రాసుకుని, బయటకు వచ్చాక సరిచూసుకోవాలి. అందరికన్నా నెమ్మదిగా నడిచేవారిని ముందు నడిపించాలి. మిగతావారు వారి వెనుక నడిస్తే ఎవరూ వెనకబడరు.