ఒళ్ళోకి దిగిన ఫోను

నేను సియాటిల్ వచ్చింది 2006లో. ఆ డిసెంబరులోనే ఇక్కడి ఐ-5 ఫ్రీవే మీద ఐదు వాహనాలు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. బ్లాక్‌బెర్రీలో ఈమెయిల్ చూసుకుంటున్నానని కారకుడైన డ్రైవరు పోలీసులతో ఒప్పుకున్నాడు. అప్పట్లో చేతిలో బ్లాక్‌బెర్రీ ఉండటం మా ఆఫీసులో ఒక హోదా. ఆ వార్త చదివి మేం నవ్వుకున్నాం.

శాసనసభ నవ్వలేదు. 2007 మే నెలలో గవర్నర్ క్రిస్టీన్ గ్రెగోయిర్ సంతకంతో, డ్రైవ్ చేస్తూ టెక్స్ట్ మెసేజీలు పంపడాన్ని నిషేధించిన మొదటి రాష్ట్రం మా వాషింగ్టన్ అయింది. (ఫోను చేత్తో పట్టుకుని మాట్లాడటాన్ని న్యూయార్క్ 2001లోనే ఆపింది.) 2008 జనవరి 1న చట్టం అమలులోకి వచ్చింది. కానీ దానికో మెలిక ఉంది. మెసేజ్ కొడుతూ కనిపించినంత మాత్రాన పోలీసు కారు ఆపడానికి లేదు. వేరే తప్పేదైనా చేస్తే ఆపి, దాంతోపాటు ఇదీ రాయాలి.

ఇంకో చిత్రం. సంతకమైన నెలకి, జూన్ 29న, ఐఫోన్ మార్కెట్లోకొచ్చింది. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకిది అలవాటే, రిక్వైర్‌మెంట్స్ మీద సంతకాలయ్యేసరికి అసలు సమస్య మారిపోయి ఉంటుంది. చట్టంలో ఉన్నది మెసేజ్ చదవడం, రాయడం, పంపడం. జనం చేతికొచ్చింది మ్యాపులూ, కెమెరా, పాటలూ, సమస్తమూ.

2008 సెప్టెంబరు 12న లాస్ ఏంజెలిస్ దగ్గర చాట్స్‌వర్త్‌లో ఓ ప్యాసింజర్ రైలు ఎర్ర సిగ్నల్ దాటి గూడ్సుని ఢీకొంది. 25 మంది పోయారు. రైలు నడిపే ఇంజనీరు మెసేజీల్లో మునిగి ఉన్నాడని దర్యాప్తులో తేలింది. ఆ తర్వాత ఒక్కో రాష్ట్రమూ చట్టం చేసుకుంటూ పోయింది.

2010లో హైవే లాస్ డేటా ఇన్‌స్టిట్యూట్ కాలిఫోర్నియా, లూసియానా, మిన్నెసోటా, వాషింగ్టన్‌లలో ఇన్సూరెన్స్ క్లెయిములు లెక్కేసింది. నిషేధం తర్వాత ఎక్కడా తగ్గలేదు. మూడుచోట్ల పెరిగాయి కూడా. పోలీసుకి కనబడకుండా జనం ఫోన్ని స్టీరింగ్ మీంచి ఒళ్ళోకి దించి ఉంటారని, చూపు రోడ్డుకి ఇంకా దూరమై ఉంటుందని వాళ్ళ ఊహ. అప్పటి రవాణా మంత్రి రే లాహుడ్ ఆ నివేదికని గట్టిగా ఖండించారు.

నేను ఖండించలేను. 2009 అక్టోబరులో ఓ సాయంత్రం మా ఆవిడ పాలు తెమ్మని మెసేజ్ పెట్టింది. ఫోను తొడ మీద ఉంది. చట్టం తెలుసు కనకే అక్కడ పెట్టుకున్నాను. తల దించి ఎత్తేలోగా ముందు కారు వెనక బంపరు లోపలికి పోయింది. వెనక సీట్లో ఎనిమిది నెలల మా అమ్మాయి ఏడుపు. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. కారణమేమిటని ఇన్సూరెన్స్ వాళ్ళడిగితే 'వాన, రోడ్డు జారింది' అని రాసిచ్చాను.

2010 జూన్ నుంచి మా రాష్ట్రంలో కేవలం టెక్స్టింగ్‌కే కారు ఆపొచ్చన్నారు. అలా నేరుగా ఆపే అధికారమున్న రాష్ట్రాల్లో రోడ్డు మరణాలు సుమారు 3 శాతం తగ్గినట్టు 2014లో ఒక అధ్యయనం చెప్పింది. 2017 జూలైలో వచ్చిన కొత్త చట్టం మెసేజ్ మాటే వదిలేసి, ఎర్ర లైటు దగ్గర ఆగినా సరే, ఫోను చేతిలో ఉంటేనే తప్పంది. మొదటిసారి 136 డాలర్లు. నా దృష్టిలో అసలైన చట్టం ఇదే. పదేళ్ళు పట్టింది.

పరధ్యానం వల్ల జరిగిన ప్రమాదాల్లో 2023లో దేశం మొత్తం మీద 3,275 మంది చనిపోయారని ప్రభుత్వ లెక్క. పోలీసు రిపోర్టుల్లోకి ఎక్కినవే ఆ లెక్కలోకొస్తాయి. వాన అని రాసిచ్చినవాళ్ళు అందులో ఉండరు.

2025లో మా అమ్మాయికి లెర్నర్స్ పర్మిట్ వచ్చింది. ఇన్సూరెన్స్‌లో తన పేరు చేర్పించడానికి పాత ఫైలు తీస్తే ఆ క్లెయిము కాగితం బయటపడింది. తిరగేసి చూసి, "నాన్నా, ఆ రోజు అంత వానా?" అనడిగింది.

చినుకు కూడా లేదని చెప్పాను.