మనుమసిద్ధి రాజ్యం - పుల్లరి తగాదా

కావలిలో పిల్లలకు తిక్కన పాఠం చెప్పినప్పుడల్లా నాకొక ఇబ్బంది. కవి గురించి ఎంతైనా చెప్పవచ్చు. ఆయన మంత్రిగా ఉన్న రాజ్యాన్ని మాత్రం పాఠ్యపుస్తకం ఒక్క వాక్యంతో సరిపెడుతుంది. కిందటేడు వెనక బెంచీలోని గొల్లల కుర్రవాడు లేచి, "కాటమరాజు పుల్లరి ఎందుకు కట్టలేదు సార్?" అన్నాడు. ఈ వ్యాసం వాడి కోసం వెతుక్కున్న జవాబే.

నెల్లూరు తెలుగు చోడులు పూర్తిగా స్వతంత్రులు కారు, పూర్తిగా సామంతులూ కారు. ఉత్తరాన కాకతీయులు, దక్షిణాన చోళులు, ఆ తర్వాత పాండ్యులు. ఎవరి పక్షం చేరితే గద్దె నిలుస్తుందో లెక్కగట్టుకోవడమే వీరి రాజనీతి. (ఇది మనకే ప్రత్యేకం కాదు. దియార్‌బకర్‌ను ఏలిన కుర్దు మర్వానిద్ వంశం కూడా బైజాంటియం, బాగ్దాదు, కైరోల నడుమ ఇలాగే నెట్టుకొచ్చి 1085లో సెల్జూకుల చేతిలో అంతరించింది.) చోడ తిక్కరాజు కుంగిపోతున్న చోళులను నిలబెట్టి చోళస్థాపనాచార్య బిరుదు ధరించాడు. 1248 ప్రాంతంలో ఆయన పోయాక కొడుకు మనుమసిద్ధిని అక్కన, బయ్యన తరిమేశారు. తిక్కన ఓరుగల్లు వెళ్ళి గణపతిదేవుని సాయం తెచ్చాడని సిద్ధేశ్వర చరిత్ర చెబుతుంది. అది తర్వాతి కాలపు గ్రంథం, అన్ని వివరాలూ నమ్మనక్కరలేదు. కాని కాకతీయ సైన్యం వచ్చింది, గద్దె తిరిగి దక్కింది. దాంతోపాటే మెడకు పలుపూ పడింది.

అలాంటి గద్దెకు రాబడి కావాలి. గణపతిదేవుడు 1244లో మోటుపల్లి శాసనం వేయించి, ఓడ పగిలిన వర్తకుడి సరుకు లాక్కునే పాత పద్ధతి మాని సుంకంతో సరిపెడతానన్నాడు. సముద్ర వర్తకుడికి అభయం దొరికింది. పశులకాపరికి ఎవరిచ్చారు? కథ ప్రకారం కరువుకాలంలో ఆలమందలతో వచ్చిన కాటమరాజు, కోడెదూడలిచ్చే ఒప్పందంమీద నెల్లూరు బీళ్ళు మేపాడు. అంతఃపురపు చిలుకను గొల్లలు చంపారని ఆవులను చంపించారు. అతడు పుల్లరి ఇవ్వనన్నాడు. పాలేటి ఒడ్డున యుద్ధం జరిగింది. చిలుక కథకుల కల్పన కావచ్చు. నా దృష్టిలో అసలు తగాదా బీడు ఎవరిదన్నదే. వానకు మొలిచిన గడ్డికి కూడా రాజు హక్కుదారు కావడం భూస్వామ్యపు లక్షణం. ఆ యుద్ధంలో తిక్కన దాయాది ఖడ్గతిక్కన చచ్చాడు. వెనుదిరిగి వచ్చిన అతనికి భార్య స్నానానికి పసుపు పెట్టించిన ముచ్చటను మన పుస్తకాలు తెగ అభినయించి చెబుతాయి. పుల్లరి ఊసు ఒకటి రెండు మాటల్లో తేలిపోతుంది.

1263లో ముత్తుకూరు దగ్గర జటావర్మ సుందరపాండ్యుడు మనుమసిద్ధిని హతమార్చి, నెల్లూరులో వీరాభిషేకం చేయించుకున్నాడు. ఓరుగల్లు అండ ఈసారి కాపాడలేదు.

తనను మామా అని పిలిచిన ఆ రాజుకే తిక్కన నిర్వచనోత్తర రామాయణం అంకితమిచ్చాడు. భారతం పదిహేను పర్వాలను మాత్రం హరిహరనాథునికిచ్చాడు. అది భక్తి అంటారు, కావచ్చు. కాని ఉద్యోగపర్వం చెబుతున్నప్పుడు నాకు భక్తుడికంటే ముందు, ప్రతి రాయబారం మాట వెనక ఎంత సైన్యముందో తెలిసిన మంత్రి కనిపిస్తాడు.

ఆ యుద్ధాన్ని గొల్లల తరఫున నిలబెట్టింది కొమ్మువారు. మా కుర్రవాడి తాతకు వాళ్ళు పాడిన ఘట్టాలు కొన్ని నోటికి వచ్చునట. వేసవి సెలవుల్లో వెళ్ళి రాసుకోవాలి.