పొందూరి పత్తియు వడుకువారును

“ఏకై వచ్చి మేకైనాఁడు” అను సామెత నెఱుఁగని తెలుఁగువాఁ డరుదు. కాని యేకనఁగా నేమని యడిగినచో నిఘంటువును దెఱచి చూడవలసినవారే నేఁడు పెక్కురు. దూదిని మెత్తగా నేకి, దారము తీయుట కనువుగాఁ జుట్టిన చుట్టయే యేకు. ఆ మాట నేఁటికిని చేతిపనితోఁ గూడి నిలిచిన తావులలో శ్రీకాకుళమండలమందలి పొందూరు ముఖ్యము. కావున దాని చరిత్రము భాషాభిమానులకును విచారణీయము.

పొందూరి ఖద్దరు జాతీయోద్యమమునఁ బుట్టినదని కొందఱి తలంపు. 1921వ సంవత్సరమున బెజవాడలోఁ గూడిన అఖిల భారత కాంగ్రెసు సంఘము దేశమున 20 లక్షల రాట్నములను నెలకొల్పఁ దీర్మానించుట సత్యమే. ఆ కాలముననే యీ వస్త్రమునకు దేశవ్యాప్తమగు కీర్తి కలుగుటయు సత్యమే. కాని కీర్తికాలము జన్మకాలము కాదు. ఇచ్చటి పనిముట్లే యందులకు సాక్ష్యము.

ఇచ్చటి సన్ననూలునకు మూలము కొండపత్తి, పునాసపత్తి యను నాటురకములు. వీని పోఁగు పొట్టిది. నిడుదపోఁగున కేర్పడిన మిల్లుయంత్రములకు లొంగదు. పట్టుసాలి స్త్రీలు గింజతోడి దూదిని వాలుగచేఁప దవడయెముకతో దువ్వుదురు. సూక్ష్మములగు పండ్ల వరుస గల యా యెముక నలుసులను దొలఁగించి పోఁగుల నొక్క దిక్కునకుఁ దీర్చును. పిదపఁ జెక్కపై నినుపకడ్డీని దొరలించి గింజలను వేఱుపఱచి, వింటితో నేకి, యేకులు చేసి, యెండిన యరఁటిదొప్పలో భద్రపఱతురు. ఇట్లు వడికిన నూలు 100వ నంబరు సన్నఁదనము నందుకొనును.

నీటి చేఁప యెముక, కొండచరియ పత్తి, పెరటి యరఁటిదొప్ప: ఇట్టి పొందిక యొక సభాతీర్మానముచేఁ గలుగునది కాదు. తల్లిచేతినుండి కూఁతురిచేతికి దిగివచ్చిన విద్య యిది. ఉద్యమము దానికిఁ గొనువారిని సమకూర్చెను. అది గొప్ప యుపకారమే. 1949లో నేర్పడిన ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘ మా యుపకారమును గొనసాగించినది. కాని విద్య యంతకు మున్నే కలదు.

ఇఁక రక్షణ విషయము. నరసాపురము చెంతనున్న మాధవాయిపాలెమున ఇంగ్లీషు కంపెనీవారికి వస్త్రపు కోఠీ యుండెను. ఆ యూరి పేరు వస్త్రనామమై యైరోపా నిఘంటువుల కెక్కినది. నిఘంటువున కెక్కిన పేరు నేఁతగానికిఁ గూడు పెట్టలేదు. పొందూరికిని బేరొక్కటియే మిగులరాదు. మునుపే తగ్గుచుండిన నాటుపత్తి సేద్యము, 2002లో జన్యుపరివర్తిత విత్తనములకు ననుమతి లభించిన పిమ్మట దేశమున మఱింత క్షీణించెను. రైతు విత్తు మార్చినచో వడుకుకత్తె యెముక నిరర్థకమగును. వడుకుకత్తెకుఁ దగిన కూలి లేనిచో నామె కూఁతురు రాట్నము ముట్టదు. నూలు లేనిచో మగ్గము నిలుచును. వస్త్రము నద్దాలబీరువలో దాఁచినంత మాత్రమున నీ గొలుసు నిలువదు. విత్తు నేఁటేఁట విత్తవలయును, కదురు దినదినము తిరుగవలయును.

పండితులమైన మనకును దీనఁ గొంత పని కలదు. ఏకు, కదురు, కండె మొదలగు మాటలను, వాని వెనుకనున్న పనిని, చేయువారి నోటనే విని వ్రాసికొనవలయును. బాలురకు సామెతను జెప్పునపు డొక్క యేకును జేతికిచ్చి చూపఁగలిగిననాఁడే యా సామెత యర్థవంతమగును.