నాన్న పోస్టింగ్, పిల్లల టీసీ

కేంద్రీయ విద్యాలయంలో సీటు కోసం దరఖాస్తు పెట్టిన ఉద్యోగిని గత ఏడేళ్లలో ఎన్నిసార్లు బదిలీ అయ్యారని అడుగుతారు. ఎక్కువసార్లు ఊరు మారినవారి పిల్లలకు ముందు వరస. దానికీ ఓ లెక్క ఉంది. పాత చోటికీ కొత్త చోటికీ మధ్య కనీసం 20 కిలోమీటర్ల దూరం ఉండాలి, ఒక్కో చోట కనీసం ఆరు నెలలు పనిచేసి ఉండాలి. మామూలు బడులు మీ ఇల్లెక్కడ, ఎంత దూరం అని అడుగుతాయి. తిరుగుడుకే మార్కులు వేసే బడి పుట్టడానికి మాత్రం సైన్యం కావలసి వచ్చింది. దాని వెనక రెండు శతాబ్దాల కథ ఉంది.

ఆ కథ బ్రిటిష్ సైన్యంలో మొదలవుతుంది. 1811-12 ప్రాంతంలో ప్రతి పటాలానికీ ఒక పంతులు సార్జెంటును పెట్టాలని పైనుంచి ఉత్తర్వులు వచ్చాయి. పటాలం కదిలితే పంతులూ కదిలేవాడు, బడీ కదిలేది. సిపాయి పిల్లలకు బడి మారే బెడదే లేదు. ఊరు మారేది, తోటి పిల్లలూ పంతులూ వాళ్లే. 1846లో ఈ పంతుళ్లందరినీ కలిపి ఓ ప్రత్యేక దళంగా చేశారు కూడా. వినడానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ చిన్నాపెద్దా అందరినీ ఒకే కొట్టంలో కూర్చోబెట్టి నేర్పే చదువు ఎంతవరకు సాగుతుంది? పైగా హిందుస్థానం మైదానాల్లో కలరా, జ్వరాలు సిపాయి కుటుంబాలను ఊడ్చేస్తుంటే, బడి వెంట రావడం కంటే పిల్లలు బతికి బట్టకట్టడం ముఖ్యమైంది.

హెన్రీ లారెన్స్ అనే సైనికాధికారి దీనికి పూర్తిగా ఎదురు దారి పట్టాడు. తండ్రి ఎక్కడైనా తిరగనీ, పిల్లలు ఒకేచోట కుదురుగా ఉండాలన్నాడు. 1847 ఏప్రిల్‌లో కసౌలీ దగ్గరి సనావర్ కొండ మీద 14 మంది పిల్లలతో ఆయన ఆశ్రమం మొదలైంది. ఆడపిల్లలనూ మొదటినుంచీ చేర్చుకున్నారు. తర్వాత మౌంట్ ఆబూలో ఒకటి, 1858లో నీలగిరుల్లో ఒకటి వెలిశాయి. ఇవన్నీ తెల్ల సిపాయిల పిల్లల కోసం. అదే సైన్యంలో అంతకంటే ఎక్కువ సంఖ్యలో ఉన్న దేశీ సిపాయి పిల్లల చదువు గురించి సర్కారు ఆలోచించడానికి మొదటి ప్రపంచయుద్ధం దాకా ఆగాల్సి వచ్చింది. ఆ యుద్ధంలో చచ్చినవాళ్ల లెక్క తేలాక గానీ కింగ్ జార్జ్ పేరుతో జలంధర్, జీలం పట్టణాల్లో మిలటరీ స్కూళ్ల ఆలోచన రాలేదు. 1930లో అజ్మీర్, రెండో యుద్ధం ముగిసే వేళకు బెల్గాం, ఆ తర్వాత బెంగళూరు ఆ వరసలో చేరాయి.

ఇక్కడొక పేచీ ఉంది. ఈ స్కూళ్లు సిపాయి కొడుకును మళ్లీ సిపాయిని చేయడానికి పెట్టినవి. తండ్రి బదిలీ కష్టం తీరడం కలిసొచ్చిన లాభం మాత్రమే. 1961లో రక్షణమంత్రి వి.కె. కృష్ణమీనన్ చొరవతో మొదలైన సైనిక్ స్కూళ్లకూ అదే వర్తిస్తుంది. విజయనగరం రాజు పి.వి.జి. రాజు ఇచ్చిన కోరుకొండ ప్యాలెస్‌లో 1962 జనవరి 18న తెరిచిన సైనిక్ స్కూలు తెలుగునాట అలాంటి మొదటిది. నేషనల్ డిఫెన్స్ అకాడమీకి కుర్రాళ్లను తయారుచేయడం దాని పని. సైనికుల, మాజీ సైనికుల పిల్లలకు ఈ స్కూళ్లలో నాలుగో వంతు సీట్లు ఉంటాయి. సీటు దొరికినవాడు ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా కోరుకొండ దాటక్కర్లేదు. వాడి చెల్లెలు మాత్రం అమ్మానాన్నల వెంట జోధ్‌పూర్ నుంచి తేజ్‌పూర్‌కీ, అక్కణ్నుంచి జమ్మూకీ బడులు మారుతూ తిరగవలసిందే. ఆడపిల్లలకు ఈ స్కూళ్ల తలుపులు దేశమంతటా తెరుచుకున్నది 2021లో.

మరి తల్లిదండ్రుల దగ్గరే ఉండి చదువుకునే పిల్లల సంగతి? స్వాతంత్ర్యం వచ్చాక కంటోన్మెంట్లలో పటాలాలు నడుపుకునే బడులుండేవి. ఒకచోట ఒక సిలబస్, మరోచోట మరొకటి. కంటోన్మెంట్ గేటు దాటితే ఏ రాష్ట్రం బోర్డు ఆ రాష్ట్రానిది, ఏ భాష మీడియం దానిది. మరాఠీలో ఐదు దాకా చదివినవాడు పోస్టింగ్ మారి మద్రాసు వెళ్తే ఏ తరగతిలో కూర్చోవాలో హెడ్‌మాస్టరు దయ.

చిక్కుముడి విప్పే సలహా జీతాల సంఘం నుంచి రావడం తమాషాగా ఉంటుంది. జస్టిస్ బి. జగన్నాథదాస్ అధ్యక్షతన 1957లో ఏర్పడిన రెండో వేతన సంఘం, బదిలీ ఉద్యోగుల పిల్లల కోసం దేశమంతా ఒకే సిలబస్, ఒకే మీడియంతో నడిచే బడులు కావాలంది. జీతం ఎంత పెంచినా, పిల్లవాడు ఓ ఏడాది వెనకబడితే ఆ ఉద్యోగికి నష్టమే కదా! దానికి ముందు పరీక్షల బోర్డు సిద్ధం కావాలి. రాజపుతానా బోర్డుగా 1929లో పుట్టి, 1952లో సీబీఎస్ఈ అయిన సంస్థను 1962 జూలైలో తిరిగి నిర్మించినప్పుడు, తరచూ బదిలీ అయ్యే కేంద్ర ఉద్యోగుల పిల్లల అవసరం తీర్చడం దాని ఉద్దేశాల్లో ఒకటని రాసుకున్నారు. ఈరోజు ప్రతి పేటలోనూ సీబీఎస్ఈ బోర్డు తగిలించుకున్న ప్రైవేటు స్కూళ్లు చూస్తుంటే ఆ సంగతి ఎవరికీ తట్టదు.

1962 నవంబరులో, చైనాతో యుద్ధం జరుగుతున్న నెలలోనే, కొత్త బడుల పథకానికి కేంద్రం ఆమోదం తెలిపింది. మరుసటి విద్యాసంవత్సరంలో 20 రెజిమెంటల్ బడులను తీసుకుని సెంట్రల్ స్కూళ్లుగా మార్చారు. వాటిని నడపడానికి 1965 డిసెంబరు 15న కేంద్రీయ విద్యాలయ సంఘటన్ రిజిస్టరైంది. పేరు మారినా సికింద్రాబాద్, విశాఖపట్నం పాతకాపులు ఇప్పటికీ సెంట్రల్ స్కూలనే అంటారు. విశాఖ నౌసేనాబాగ్ అయినా, సికింద్రాబాద్ పికెట్ అయినా, విదేశంలోని మాస్కో అయినా ఒకే యూనిఫాం, ఒకే పుస్తకం, దాదాపు ఒకే టైంటేబుల్. ఇరవైతో మొదలైనవి ఇప్పుడు 1,250 దాటాయి.

ఈ ఏర్పాటు గొప్పతనం బడుల సంఖ్యలో కంటే టీసీలో ఉంది. ఒక కేంద్రీయ విద్యాలయం (కేవీ) నుంచి టీసీ తీసుకుని, తండ్రి బదిలీ ఉత్తర్వుతో కొత్త ఊరి కేవీకి వెళ్తే, ఏడాది మధ్యలోనైనా సరే చేర్చుకోవాలి. ఇంకా ముఖ్యమైనది మరొకటుంది. తండ్రికి ఫీల్డ్ ఏరియాలో పోస్టింగ్ పడితే కుటుంబాన్ని వెంట తీసుకెళ్లలేడు. భార్యాపిల్లలు ఏ ఊళ్లో ఉండాలనుకుంటే ఆ ఊరి కేవీలో సీటివ్వాలని నిబంధన. సరిహద్దులో ఉన్న జవాన్ ఇంటికి ఫోన్ చేసినప్పుడు మాట్లాడవలసిన తలనొప్పుల్లో ఒకటి తగ్గుతుంది. నిబంధన రాసినవారికి ఫౌజీ ఇళ్ల సంగతి బాగా తెలుసు.

అయినా కేవీ అందరికీ అందదు. 1983లో సైన్యం తన సంక్షేమ విద్యాసంస్థను పెట్టుకుని ఆర్మీ స్కూళ్లు తెరిచింది. అవి ఇప్పుడు 130కి పైగా ఉన్నాయి, ఆర్.కె. పురం, బొల్లారం, గోల్కొండ ఆర్మీ పబ్లిక్ స్కూళ్లు ఆ కోవలోవే. వైమానిక దళానికి, నౌకాదళానికి వాటి బడులు వాటికున్నాయి. హాస్టల్లో వేసేవారికి ప్రభుత్వం సబ్సిడీ ఇస్తుంది. 2024 జనవరి నుంచి అది నెలకు 8,437 రూపాయల 50 పైసలు. లారెన్స్ దారి, పటాలం దారి, సెంట్రల్ స్కూలు దారి ఇలా పక్కపక్కనే బతుకుతున్నాయి.

ఏకరూపతకు వెల లేకపోలేదు. ఆ వెల భాషే. తాడేపల్లిగూడెం దగ్గరి మిలటరీ మాధవరంలాంటి ఊళ్లో తెలుగులో మూడో తరగతి చదివిన జవాన్ కొడుకు, తండ్రికి కుటుంబంతో ఉండగలిగే పీస్ స్టేషన్‌లో క్వార్టర్ దొరకగానే హిందీ, ఇంగ్లీషు క్లాసులో పడతాడు. ఊళ్లో పరీక్షలు ఏప్రిల్ నెలాఖరుకు ముగిస్తే, కేవీలో కొత్త తరగతి ఏప్రిల్ మొదట్లోనే మొదలైపోయి ఉంటుంది. ఆరు నుంచి ఎనిమిది దాకా మూడో భాష సంస్కృతం. స్థానిక భాష నేర్పాలంటే తగినంతమంది పిల్లలు కావాలి, పార్ట్‌టైం టీచరు దొరకాలి. అలా పదేళ్లు తిరిగినవాడు సెలవులకు అమ్మమ్మ ఊరొస్తే ఆర్టీసీ బస్సు బోర్డు చదవలేడు. తెలంగాణ 2018లో సీబీఎస్ఈ బడులతో సహా అన్నిచోట్లా తెలుగు తప్పనిసరి చేస్తూ చట్టం చేసినప్పుడు ఇదే ఇబ్బంది అటు తిరిగింది. ఈసారి బిక్కమొహం వేసే వంతు సికింద్రాబాద్ వచ్చిన పంజాబీ పిల్లవాడిది. ఇలాంటివారి కోసమే పై తరగతులకు సరళ తెలుగు వాచకం రావలసి వచ్చింది.

అమెరికా ఇదే సమస్యను ఇంకోవైపు నుంచి పట్టుకుంది. 1946లో జర్మనీలో మొదలై విదేశాల్లోని స్థావరాల్లో సైన్యం సొంత బడులు నడిపినా, స్వదేశంలో ఎక్కువమంది సైనికుల పిల్లలు చుట్టుపక్కల ప్రభుత్వ బడులకే వెళ్తారు. పన్నెండో తరగతి ముగిసేలోగా ఆరు నుంచి తొమ్మిదిసార్లు బడి మారడం అక్కడ మామూలు. ఏ రాష్ట్రం సిలబస్ దానిదే, మార్చమంటే వినరు. అందుకని బడులను ఒకేలా చేసే పని మానుకుని, రాష్ట్రాల మధ్య ఒప్పందం కుదిర్చారు. 2008లో పది రాష్ట్రాలతో అది అమల్లోకి వచ్చింది, 2014కల్లా యాభైకి యాభై చేరాయి. తల్లిదండ్రులు చేతపట్టుకొచ్చిన అనధికార మార్కుల కాగితాలతోనే చేర్చుకోవాలి; టీకాలకు 30 రోజుల గడువివ్వాలి; యుద్ధానికి వెళ్తున్న తండ్రిని సాగనంపడానికి బడి మానితే సెలవివ్వాలి. ఆఖరి ఏడాదిలో బడి మారిన విద్యార్థికి కొత్త రాష్ట్రం షరతులు అడ్డొస్తే, పాత బడి నుంచి పట్టా ఇప్పించే దారి చూడాలి. మన ఏకరూప బడి కంటే ఇది గజిబిజిగా కనిపిస్తుంది. అయితే కేవీ దొరకని పిల్లవాడికి ఇలాంటి ఒప్పందమే ఎక్కువ పనికొస్తుంది.

మన దగ్గర ఆ ఛాయ కొంత విద్యాహక్కు చట్టంలో ఉంది. 2009 నాటి ఆ చట్టం అయిదో సెక్షన్ ప్రకారం హెడ్‌మాస్టరు టీసీ వెంటనే ఇవ్వాలి. టీసీ ఆలస్యమైందని కొత్త బడి చేర్చుకోకపోవడం కుదరదు. సైనికుల కోసం రాసింది కాకపోయినా వాళ్లకు బాగా అక్కరకొచ్చేదే. ఎనిమిదో తరగతితో దాని రక్షణ ముగుస్తుంది. పది, పన్నెండు తరగతుల్లో నేరుగా చేరాలంటే సీబీఎస్ఈ అనుమతి తీసుకోవాలి. తల్లిదండ్రుల బదిలీ అందుకు చెల్లే కారణం. రాష్ట్ర బోర్డు నుంచి వచ్చేవారికి ఆ తలుపు ఇంకా ఇరుకు. అందుకే తొమ్మిదో తరగతికి రాగానే చాలా ఫౌజీ ఇళ్లలో కుటుంబం ఒకచోట స్థిరపడుతుంది, తండ్రి ఒంటరిగా తిరుగుతాడు.

ఎక్కడ స్థిరపడాలన్నది తెలుగువారికి ఇంకో లెక్క. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం వృత్తివిద్యా కళాశాలల్లో 85 శాతం సీట్లు స్థానికులవి. అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగేళ్లు ఆ ప్రాంతంలో చదవడం స్థానికతకు ప్రధాన కొలత. మామూలు ఇంటికి ఇది పట్టించుకోనక్కర్లేని షరతు. పఠాన్‌కోట్‌లో తొమ్మిది, బరేలీలో పది, జబల్‌పూర్‌లో ఇంటర్ చదివిన కరీంనగర్ జవాన్ కూతురు మాత్రం పుట్టిన జిల్లాలోనే స్థానికేతరురాలు. ఇంజనీరింగ్‌లో సైనికుల పిల్లలకు 2 శాతం కోటా ఉన్నా, దాన్లో పోటీ వేరు, సీట్లు కొద్ది. ఎంబీబీఎస్ ప్రవేశాలకు తొమ్మిది నుంచి పన్నెండు దాకా తెలంగాణలోనే చదివి ఉండాలని 2024లో రాష్ట్రం నిబంధన తెచ్చినప్పుడు కోర్టుకెక్కిన విషయాల్లో ఇలాంటి పిల్లల సంగతీ ఒకటైంది. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ నిబంధనను సమర్థించింది. రాష్ట్రం బయట పనిచేసే తెలంగాణ సైనికులు, పారామిలటరీ వారు, అఖిల భారత సర్వీసుల అధికారుల పిల్లలకు మినహాయింపు ఇవ్వడానికి ప్రభుత్వం ఒప్పుకుంది. బడి మార్పు చిక్కు విప్పడానికి 1962లో దేశమంతా ఒకే సిలబస్ తెచ్చారు. అదే పిల్లలు ఏ ఊరివాళ్లో తేల్చే పనికి మాత్రం అరవై ఏళ్ల తర్వాత ఒక్కో రాష్ట్రంలో, ఒక్కో జీవో చొప్పున చేయి పెట్టవలసి వస్తోంది.